పక్కన కూర్చున్నవాడి హక్కు
విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థి పట్ల సీనియర్ల బాధ్యత

ప్రతి ఏటా ప్రవేశ పరీక్షల కౌన్సెలింగ్ ముగియగానే మన జిల్లాల నుంచి వేలాది యువతీయువకులు విశ్వవిద్యాలయాల బాట పడతారు. వారిలో మన ముస్లిం సముదాయపు పిల్లలూ ఉంటారు. ఆదోని నుంచో, కడప నుంచో, నిర్మల్ నుంచో, బోధన్ నుంచో ఒక రేకుపెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకొని హైదరాబాదులో బస్సు దిగే అబ్బాయిని ఒకసారి ఊహించండి. పదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివాడు. అతని వంశంలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాడు అతడే. ఇక్కడ పాఠమంతా ఇంగ్లీషులో సాగుతుంది. అర్థం కాలేదని అడగడానికి బిడియం. అడగకపోతే మర్నాటి పాఠమూ అర్థం కాదు. క్రమంగా తరగతికి వెళ్ళడం తగ్గుతుంది, హాజరు పడిపోతుంది, మొదటి పరీక్షలోనే రెండు మూడు సబ్జెక్టులు మిగిలిపోతాయి. సంక్రాంతి సెలవులకో, రంజాన్ సెలవులకో ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాడు.

దానితో కథ ముగియదు. చదువులు మనకు అచ్చిరావని ఆ ఇంట్లో ఒక మాట స్థిరపడిపోతుంది. వెనుక ఉన్న తమ్ముడు మెకానిక్ షెడ్డుకు వెళతాడు. చెల్లెలి చదువు ఇంటర్‌తో ఆగిపోతుంది. ఒక్క విద్యార్థి వెనుదిరగడం వల్ల ఒక కుటుంబానికే తలుపు మూసుకుపోతుంది. ఈ నష్టం చాలాసార్లు తెలివి లేక వచ్చేది కాదు, చెప్పేవారు లేక వచ్చేది. అదే భవనంలో, అదే హాస్టల్లో ఒకటి రెండేళ్ళ ముందు ఇదే దారిన నడిచిన మన పిల్లలు ఉంటారు. వారు పది నిమిషాలు కేటాయించి ఉంటే ఆ అబ్బాయి నిలబడేవాడు.

ఈ పది నిమిషాల విషయంలో ఇస్లాం ధర్మం ఏమంటుంది? ఇది కేవలం మర్యాదా, లేక మనమీద ఉన్న హక్కా? ఈ నెల పాఠంలో పరిశీలిద్దాం.

పక్కనున్న సహచరుడు

దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించిన వెంటనే ఎవరెవరితో సద్వర్తనతో మెలగాలో వరుసగా తెలియజేశాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలు, బంధువైన పొరుగువాడు, పరాయి పొరుగువాడు... ఆ వరుసలోనే 'అస్సాహిబి బిల్ జంబ్' అనే పదం వస్తుంది. పక్కనే ఉన్న సహచరుడు అని దాని అర్థం.

ఈ సహచరుడు ఎవరు? కొందరు ముఫస్సిర్లు ప్రయాణంలో తోడు వచ్చినవాడన్నారు. కొందరు జీవిత భాగస్వామి అన్నారు. అల్లామా జమఖ్షరీ తన 'కష్షాఫ్' తఫ్సీరులో దీని పరిధిని ఇంకా విస్తరించారు. ప్రయాణంలో తోడున్నవాడు, విద్యాభ్యాసంలో మనతో పాలుపంచుకునేవాడు, ఒక సభలో మన పక్కన వచ్చి కూర్చున్నవాడు కూడా ఈ మాటలో చేరతారని వివరించారు. ఆ సాంగత్యం కొద్ది సేపటిదైనా సరే, దాని హక్కును మరచిపోకూడదన్నది ఆయన వివరణలోని సారం.

తరగతి బల్లమీద మన పక్కన కూర్చున్నవాడు, హాస్టల్ గదిలో మన పక్క మంచం మీద పడుకునేవాడు ఈ హక్కుదారుల జాబితాలో ఉన్నాడన్నమాట. తల్లిదండ్రుల హక్కును చెప్పిన ఆయతే అతని హక్కునూ చెప్పింది. కనుక కొత్తవాడికి దారి చూపడం మన దయ మీద ఆధారపడిన విషయం కాదు. అది అతనికి అల్లాహ్ ఇచ్చిన హక్కు.

మదీనాలో కుదిర్చిన జతలు

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) క్రీ.శ. 622లో మదీనాకు హిజ్రత్ చేశారు. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకు అక్కడ ఇల్లు లేదు, ఆస్తి లేదు, ఊరి పద్ధతులు తెలియవు. మక్కా వ్యాపారుల ఊరు, మదీనా ఖర్జూర తోటల ఊరు. అటువంటి సమయంలో ఆయన (స) కేవలం అందరూ కలసి మెలసి ఉండండని ఉపన్యసించి ఊరుకోలేదు. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరునిగా జత చేశారు. దీనినే 'ముఆఖాత్' అంటారు. ఈ కార్యక్రమం హజ్రత్ అనస్ (రజి) ఇంట్లో జరిగిందనీ, సగం మంది ముహాజిర్లు, సగం మంది అన్సార్లుగా మొత్తం 90 మంది అందులో ఉన్నారనీ అల్లామా ఇబ్నుల్ ఖయ్యిమ్ రాశారు.

ఇందులో మనం గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. బాధ్యత అందరిదీ అన్నప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఫలానావాడు నీ బాధ్యత అని పేరు పెట్టి అప్పగించినప్పుడే పని జరుగుతుంది. సీనియర్లు జూనియర్లకు సహకరించాలని పోస్టరు అంటించడం వేరు, ఈ ఇద్దరు పిల్లలు ఈ సంవత్సరం నీ వంతు అని ఒకరికి అప్పగించడం వేరు.

ముఆఖాత్‌లో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సోదరుడయ్యారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం పంచి ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కుటుంబానికీ, సంపదకూ శుభం కోరుతూ దుఆ చేసి, ఇక్కడి బజారు ఎటు ఉందో చూపమని మాత్రం అడిగారు. ఖైనుఖా తెగ బజారుకు దారి చూపారు. ఆయన నెయ్యి, జున్ను వ్యాపారం చేసి కొద్ది కాలంలోనే తన కాళ్ళ మీద నిలబడ్డారు. వివాహం చేసుకున్నప్పుడు ఒక మేకతోనైనా సరే వలీమా చేయమని ప్రవక్త (స) ఆయనకు చెప్పారు. (బుఖారీ)

ఈ సంఘటనలో ఇద్దరికీ పాఠముంది. సగం ఆస్తి ఇవ్వడానికి సిద్ధపడిన సఅద్ (రజి) వైశాల్యం సీనియర్‌కు ఆదర్శం. ఆస్తి వద్దు, బజారు దారి చాలన్న అబ్దుర్రహ్మాన్ (రజి) ఆత్మాభిమానం జూనియర్‌కు ఆదర్శం. రికార్డు రాసి ఇవ్వడం, అసైన్‌మెంటు కాపీ చేయించడం సహాయం కాదు. అది మోసంలో పాలుపంచుకోవడం. గ్రంథాలయంలో ఆ పుస్తకం ఏ అరలో ఉంటుందో చూపడం, ప్రశ్నపత్రాన్ని ఎలా చదవాలో నేర్పడం బజారుకు దారి చూపడం వంటిది. మంచిలో, దైవభీతిలో సహకరించుకోవాలనీ, పాపంలో సహకరించుకోకూడదనీ అల్‌మాయిదా సూరా 2వ ఆయతు గీసిన గీత ఇక్కడే ఉంది.

మరో విషయం. తొలిరోజుల్లో ఈ జతల మధ్య వారసత్వపు హక్కు కూడా ఉండేది. ముహాజిర్లు కుదురుకున్నాక ఆ నియమం రద్దయింది, సోదరభావం మాత్రం నిలిచింది. మార్గదర్శనానికీ ఒక గడువు ఉంటుంది. జూనియర్‌ను ఏళ్ళ తరబడి తనమీద ఆధారపడేలా ఉంచుకునేవాడు మంచి మార్గదర్శి కాడు.

ఇరవై రాత్రుల విద్యార్థులు

హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) ఉల్లేఖనం ఒకటి బుఖారీలో ఉంది. ఆయనా, ఇంకొందరు దాదాపు ఒకే వయసు యువకులూ కలసి విద్య కోసం మదీనా వచ్చారు. ఇరవై రాత్రులు ఉన్నారు. ప్రవక్త (స) తమపట్ల ఎంతో దయగా, మృదువుగా మెలిగారని ఆయన చెబుతారు. తమకు ఇంటి మీద బెంగ కలిగిందని ఆయన (స) తామే గ్రహించి, ఇంట్లో ఎవరెవరిని వదలి వచ్చారని అడిగి తెలుసుకున్నారు. తరువాత ఇళ్ళకు వెళ్ళమనీ, నేర్చుకున్నది తమవారికి నేర్పమనీ, తాము చేస్తుండగా చూసిన విధంగా నమాజు చేయమనీ, వేళ అయినప్పుడు ఒకరు అజాన్ ఇచ్చి, పెద్దవారు ఇమామత్ చేయాలనీ బోధించారు.

ఇంటి బెంగను ఆయన (స) హేళన చేయలేదు. మగవాడివై ఉండి ఏడుస్తావా అనలేదు. ఆ యువకులు నోరు విప్పక ముందే వారి మనసు చదివారు. మన సీనియర్లు అలవరచుకోవలసిన మొదటి గుణం ఇదే. కొత్తగా వచ్చినవాడు మెస్‌లో సగం అన్నం వదిలేస్తున్నాడా, రాత్రి డాబా మీద ఒంటరిగా కూర్చుంటున్నాడా, ఫోనులో అమ్మీతో మాట్లాడి ముఖం కడుక్కొని వస్తున్నాడా - ఇవి చూసే కన్ను ఉండాలి. మీ ఇంట్లో ఎవరెవరున్నారు అన్న ఒక్క ప్రశ్నతో ఎన్నో గుండెలు తేలికపడతాయి.

భయపెట్టడం హరామ్

పరిచయం పేరిట కొత్తవారిని వేధించే ర్యాగింగును కొందరు ఇంకా సరదా అనుకుంటున్నారు. అబూ దావూద్‌లోని ఒక హదీసు చూడండి. సహాబాలు ప్రయాణంలో ఉండగా వారిలో ఒకరు నిద్రపోయారు. తోటివారిలో ఒకరు వెళ్ళి ఆయన దగ్గరున్న తాడును తీసుకున్నారు. ఆయన ఉలిక్కిపడి లేచారు. దానిపై ప్రవక్త (స) ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని తేల్చి చెప్పారు. నిద్రలో ఉన్నవాడి తాడు తీయడమే తగదంటే, అర్ధరాత్రి గదికి పిలిచి వరుసగా నిలబెట్టడం, పాటలు పాడించడం, ఊరినీ యాసనూ వెక్కిరించడం ఏమవుతుంది? ఎగతాళినీ, మారుపేర్లు పెట్టడాన్నీ అల్‌హుజురాత్ సూరా 11వ ఆయతు స్పష్టంగా నిషేధించింది.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. దోషికి జైలుశిక్ష ఉంది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు చేసింది. కొత్తగా చేరినవారిని చిన్న చిన్న బృందాలుగా విభజించి ఒక్కో బృందాన్ని ఒక్కో అధ్యాపకునికి అప్పగించాలని అందులో ఉంది. వేధింపు ఎదురైతే 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మన పిల్లలు ఈ నంబరును ఫోనులో రాసుకొని ఉంచుకోవాలి. ర్యాగింగును చూసి మౌనంగా ఉండటం కూడా మనకు తగదు. సోదరుడు పీడితుడైనా పీడకుడైనా సహాయం చేయమనీ, పీడకుని చేయి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమనీ ప్రవక్త (స) బోధించారు. (బుఖారీ)

పాఠంలో తోడు

హజ్రత్ ఉమర్ (రజి) మదీనా ఎగువ ప్రాంతంలో ఉండేవారు. రోజూ ప్రవక్త (స) సన్నిధికి రావడం కుదిరేది కాదు. అందుకని ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ సహాబీ వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఒకరు వెళ్ళి విన్నది సాయంత్రం రెండోవారికి చెప్పేవారు. మర్నాడు రెండోవారు వెళ్ళేవారు. ఇమామ్ బుఖారీ ఈ ఉదంతాన్ని విద్యా ప్రకరణంలో చేర్చారు. సహాబాలు చదువును దాచుకోలేదు, పంచుకున్నారు.

మన మదరసాలలో నేటికీ 'తక్రార్' అనే పద్ధతి ఉంది. ఉస్తాద్ పగలు చెప్పిన పాఠాన్ని రాత్రి విద్యార్థులు గుంపులుగా కూర్చొని తిరిగి చెప్పుకుంటారు. బాగా అర్థమైనవాడు చెబుతాడు, మిగిలినవారు విని ప్రశ్నిస్తారు. ఉస్తాద్‌ను అడగడానికి జంకేవాడు తోటివాడిని అడగడానికి జంకడు. చెప్పేవాడికి కలిగే లాభం ఇంకా ఎక్కువ. ఎదుటివాడికి చెప్పబోయినప్పుడే తనకు ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది. విద్యార్థుల మర్యాదలపై అల్లామా జర్నూజీ రాసిన 'తఅలీముల్ ముతఅల్లిమ్' మదరసాల్లో శతాబ్దాలుగా చదవబడుతోంది. శ్రద్ధాపరుడు, దైవభీతి గలవాడు, సూటి స్వభావం గలవాడైన సహపాఠీని ఎంచుకోవాలనీ, సోమరినీ, వదరుబోతునూ దూరం పెట్టాలనీ ఆయన అందులో బోధించారు. ఈ తక్రార్‌ను మన యువకులు ఇంజనీరింగ్ హాస్టల్‌కూ, డిగ్రీ కళాశాలకూ తీసుకుపోవచ్చు. ఇషా తరువాత ముప్పావు గంట చాలు.

సీనియర్ చేయవలసిన పనులు

మొదటి వారంలో కొత్తవాడికి కావలసింది ఉపన్యాసం కాదు, చిన్న చిన్న పనుల్లో తోడు. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడు, ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఇ ధ్రువపత్రం అవసరమైనచోట సిద్ధంగా ఉన్నాయా, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందా - ఇవి తెలియకనే ఎందరో పిల్లలు ఏడాదంతా ఫీజు బకాయితో తలవంచుకొని తిరుగుతారు. బస్సు పాసు ఎక్కడ ఇస్తారు, జుమా నమాజుకు దగ్గరి మస్జిద్ ఏది, మెస్‌లో హలాల్ కానిది ఏది అన్నవి కూడా ఆ వారంలోనే చెప్పాలి.

మొదటి నెలలో హాజరు సంగతి చెప్పాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటర్నల్ మార్కులు ఎలా వేస్తారో, ఏ అధ్యాపకుణ్ణి ఏ సమయంలో కలవవచ్చో చెప్పాలి. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుంచి వచ్చినవాడికి సాంకేతిక పదాల పట్టిక ఒకటి రాసుకోవడం నేర్పితే రెండు నెలల్లో పాఠం అందుకుంటాడు.

మొదటి పరీక్ష తరువాత తప్పక కలవాలి. ఫలితం బాగోలేనప్పుడే పిల్లవాడు ముఖం చాటేస్తాడు. అతన్ని వెతుక్కుంటూ వెళ్ళవలసిన రోజు అదే. ఆన్‌లైన్ పందేలు, అప్పుల యాప్‌లు పట్టుకునేది కూడా ఇలా ఒంటరైనవారినే.

తప్పు దిద్దడంలో మృదుత్వం ఉండాలి. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కొత్తగా ఇస్లాం స్వీకరించిన రోజుల్లో నియమం తెలియక జమాఅత్ నమాజులోనే మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు గుర్రుగా చూశారు. నమాజు ముగిశాక ప్రవక్త (స) ఆయనను గద్దించలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మాట్లాడరాదని వివరించారు, అంతే. అంతకంటే మంచి బోధకుణ్ణి తాను ఎన్నడూ చూడలేదని ఆ సహాబీ జీవితాంతం చెప్పుకున్నారు. (ముస్లిం)

పాటించవలసిన హద్దులు

మొదటిది, ప్రతిఫలం ఆశించరాదు. హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) సుఫ్ఫా విద్యార్థులకు ఖుర్‌ఆన్, రాత నేర్పేవారు. ఒక విద్యార్థి ఆయనకు విల్లు కానుకగా ఇచ్చాడు. ఆయన ప్రవక్త (స)ను అడిగితే, దానిని స్వీకరించవద్దని తీవ్రంగా హెచ్చరించారు. (అబూ దావూద్) బోధనకు వేతనం గురించి ఫిఖ్ పండితుల చర్చ వేరే ఉంది. కానీ సీనియర్ తన సహాయానికి బదులుగా టీలు, టిఫిన్లు, పనులు చేయించుకోవడం ఈ హదీసు వెలుగులో ఎంత తగనిదో వేరే చెప్పనక్కర్లేదు.

రెండవది, మస్లక్ వాదాల్లోకీ, ఎన్నికల వర్గాల్లోకీ కొత్తవాణ్ణి లాగరాదు. వాడు నీ దగ్గరకు దారి కోసం వచ్చాడు, నీ గుంపులో తల లెక్క పెంచడానికి కాదు.

మూడవది, అబ్బాయిలకు అబ్బాయిలు, అమ్మాయిలకు అమ్మాయిలే తోడు కావాలి. మన ఇళ్ళ నుంచి వస్తున్న చెల్లెళ్ళకు ఒక 'ఆపా' అండ దొరికితే తల్లిదండ్రుల సగం భయం తీరుతుంది, ఆమె చదువు ఆగదు.

నాలుగవది, ఈ మేలు ముస్లింలకే పరిమితం కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు తమ యూదు పొరుగువానికి పంపారా అని అడిగి మరీ విచారించారు. (తిర్మిజీ) పక్క మంచం మీది హిందూ సోదరుడూ, క్రైస్తవ సోదరుడూ ఆ ఆయతులోని సహచరులే.

ఐదవది రహస్యం. ఒక వ్యక్తి అటూ ఇటూ చూసి చెప్పిన మాట అమానత్ అని హదీసులో ఉంది. (తిర్మిజీ) జూనియర్ చెప్పుకున్న ఇంటి కష్టం క్యాంటీన్ కబురు కారాదు. అయితే ఒక్క మినహాయింపు. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే దాన్ని దాచడం అమానత్ కాదు. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవజాతినంతటినీ కాపాడటంతో సమానమని అల్‌మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తోంది. అతన్ని ఒంటరిగా వదలకండి. వార్డెన్‌కు, నమ్మకమైన అధ్యాపకునికి, ఇంటివారికి వెంటనే తెలియజేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. మనోవ్యాధికి వైద్యం చేయించుకోవడం ఈమాన్ లోపం కాదు. వ్యాధికి మందు వెతకమని బోధించిన ధర్మం మనది.

కొత్త విద్యార్థికి ఒక మాట

నాయనా! హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) అంతటి ప్రవక్త తనకు తెలియని విద్య కోసం ప్రయాణం చేసి, నీ వెంట రావచ్చునా అని వినయంగా అడిగిన వృత్తాంతం అల్‌కహఫ్ సూరాలో ఉంది. అడగడం చిన్నతనం కాదు. కానీ ఎవరిని అడుగుతున్నావో చూసుకో. మనిషి తన మిత్రుని ధర్మం మీదే ఉంటాడని ప్రవక్త (స) హెచ్చరించారు. (అబూ దావూద్) నమాజు వేళకు లేచేవాడు, తరగతికి సమయానికి వెళ్ళేవాడు నీకు దొరికితే అతని చేయి వదలకు.

చివరగా మస్జిద్ కమిటీల పెద్దలకూ, విద్యార్థి సోదరులకూ మా విన్నపం ఒకటే. ఈ ప్రవేశాల కాలంలో మీ మొహల్లా నుంచి ఎవరు ఏ కళాశాలకు వెళుతున్నారో ఒక జాబితా రాయండి. అక్కడ ఇప్పటికే చదువుతున్న మన పిల్లలెవరో విచారించండి. ఒక జుమా రోజున ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి జత కట్టించండి. దీనికి చందాలు అక్కర్లేదు, భవనం అక్కర్లేదు. మంచికి దారి చూపినవాడికి ఆ మంచి చేసినవాడితో సమానమైన పుణ్యం లభిస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. (ముస్లిం) ఈ ఏడాది మీరు నిలబెట్టిన విద్యార్థి వచ్చే ఏడాది మరొకరిని నిలబెడతాడు. ఆ పుణ్యంలో మీ వాటా కొనసాగుతూనే ఉంటుంది.

మన పక్కన కూర్చున్నవారి హక్కును గుర్తించే కన్నునూ, దాన్ని తీర్చే సద్బుద్ధినీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.